పదో నంబరు పానా

గురువారం పొద్దున షెడ్డుకి వెళ్దామని పెద్దమ్మాయి కారెక్కి కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి. సీటు ముందుకి జరిగి ఉంది. ఒకటి కాదు, రెండు కాదు, మూడు పళ్ళు ముందుకి. అద్దం కూడా కిందికి వంగి, వెనక రోడ్డుకి బదులు వెనక సీటు చూపిస్తోంది. ఆరేళ్ళుగా ఆ సీటు ఉన్నచోటు నుంచి కదిలింది లేదు. కదలడానికి వేరే ఎవరు నడిపారు గనక? తండ్రి ఊళ్ళోవాళ్ళ బళ్ళన్నీ బాగుచేస్తాడు గానీ నడపడానికి బద్ధకం. పక్క సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, ఇంజను చప్పుడు వింటూ వెళ్ళడమే ఆయనకిష్టం. తల్లికి కారెక్కితే కళ్ళు తిరుగుతాయి. ఇక ఇంట్లో మిగిలింది చెల్లెలే. చెల్లెలికి లైసెన్సు వచ్చి పదకొండు రోజులైంది.

పెద్దమ్మాయి సీటు వెనక్కి లాగి, అద్దం సరిచేసుకుని, అయినా వెంటనే బయల్దేరలేదు. ఎదురుగా ఉన్న నీలం బానెట్ వైపు చూస్తూ కూర్చుంది. ఈ కారు షెడ్డుకి వచ్చిన రోజున దానికి అసలు బానెట్టే లేదు. లారీని గుద్దేసిన బండి, పాత ఇనుము కింద అమ్మేస్తుంటే తండ్రి పట్టుకొచ్చాడు. ఆ బానెట్ కింద ఉన్న ప్రతి గొట్టమూ, ప్రతి తీగా ఎవరి చేతుల మీదుగా వెళ్ళాయో ఆమెకి తెలుసు. ఆ రంగు కిందున్న లప్పం నునుపెక్కేదాకా తడి గరుకు కాగితంతో రుద్ది రుద్ది, వేళ్ళ చివర తోలూడి, రెండు వారాలపాటు వేడి గ్లాసు పట్టుకోలేకపోయింది కూడా తనే.

సాయంత్రం నలుగురూ భోజనానికి కూర్చున్నాక అడిగింది.

"సీటెవరు జరిపారు?"

"నేనే అక్కా," అంది చెల్లెలు, ఏమీ ఎరగనట్టు. "సందు చివరిదాకా వెళ్ళొచ్చాను. అమ్మ గేటు దగ్గరే నిలబడి చూసింది."

"అద్దం కూడా నువ్వేనా?"

"మరి? నీ అద్దంలో నాకు ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించదు."

తల్లి పకపకా నవ్వింది. తండ్రి కూడా కంచంలో నుంచి తల ఎత్తకుండానే నవ్వాడు. ఆ నవ్వు పెద్దమ్మాయికి పుండు మీద కారం చల్లినట్టుంది.

అప్పుడు చెల్లెలు చెయ్యి కడుక్కుని వచ్చి, ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. సోమవారం నుంచి ఆమెకి కాలేజీ, గంటన్నర దూరంలో, హాస్టలు. మొదటి సంవత్సరం పిల్లలు కారు తెచ్చుకోవాలంటే అవసరమేమిటో ఇంటివాళ్ళు రాసి, సంతకం పెట్టి, చేరే రోజున ఇవ్వాలిట. ఆ తర్వాత ఇస్తే ఏడాదంతా కుదరదు.

"కారుంటే శుక్రవారం చీకటి పడకముందే ఇంట్లో ఉంటుంది," అంది తల్లి. ఆవిడ అప్పటికే చిన్నదాని వైపు తిరిగిపోయిందని తెలుస్తూనే ఉంది. "బస్సయితే రెండు మారాలి. ఆ బస్సులు ఎప్పుడొస్తాయో వాటికే తెలీదు."

"మొదటి ఏడాదే కారెందుకే?" అన్నాడు తండ్రి. "చదవడానికెళ్తున్నావా, ఊరేగడానికా?"

"రెండూ చెయ్యొచ్చు నాన్నా."

"చూశావా దీని నోరు!" అన్నాడాయన, మురిసిపోతూనే. కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. కళ్ళజోడు లేకుండా ఆయనకి అందులో ఒక్క ముక్క కనపడదు. చివరికి దాన్ని పెద్దమ్మాయి ముందుకి జరిపాడు. "పెద్దదాన్నే తేల్చమనండి. ఆ బండి సంగతి దానికి తెలిసినంత నాకే తెలీదు. అది సరే అంటే సంతకం పెడతా. వద్దంటే వద్దు."

ముగ్గురూ ఆమె వైపు చూశారు. వద్దంటే చెల్లెల్ని చూసి ఓర్వలేని అక్క. సరేనంటే, సొమ్మొకడిది సోకొకడిది. పెద్దరికం అని పేరు పెట్టి తండ్రి ఎంత తేలిగ్గా ముల్లుని ఆమె కాలికి గుచ్చాడో!

"ముందు ఆ కాలేజీ చూడాలి," అంది. "శనివారం ఇద్దరం వెళ్ళి చూసొస్తాం. అప్పుడు చెప్తాను."

"సబబుగా ఉంది," అన్నాడు తండ్రి.

కాగితం ఆ రాత్రంతా బల్ల మీదే ఉంది. తనకి పద్దెనిమిదేళ్ళు నిండినప్పుడు ఆ బల్ల మీదికి ఏ కాగితమూ రాలేదు. బడి అయిపోయిన మర్నాడు తండ్రితో షెడ్డుకి వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది, అలాగే సాగిపోయింది. ఎవరూ వద్దనలేదు, తనూ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కానీ చిన్నదానికి మాత్రం అడక్కముందే కంచం నిండుతుందెందుకో ఆమెకి అంతుపట్టలేదు.

*

శుక్రవారం షెడ్డులో పనిచేస్తూనే వద్దనడానికి కారణాలు పోగేసుకుంది. అవన్నీ నికార్సయిన కారణాలే. వారమంతా ఎండలో నిలబెడితే రంగు వెలిసిపోతుంది. కదలని బండికి బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకపక్క నొక్కుకుపోతాయి. కారున్న పిల్ల హాస్టలందరికీ డ్రైవరవుతుంది. పదకొండు రోజుల లైసెన్సు పెద్ద రోడ్డు మీద ఎందుకూ పనికిరాదు. ఇన్ని మంచి కారణాలున్నా ఒక్కటి కూడా పైకి చెప్పబుద్ధి కాలేదు. వాటి అడుగున ఏముందో ఆమెకి తెలుసు. కుళ్ళు. దానికి అంతకంటే మంచి పేరు లేదు.

మధ్యాహ్నం చెల్లెలు పాత చొక్కా ఒకటి తొడుక్కుని షెడ్డుకి వచ్చింది.

"నాన్నా, కారు తీసుకెళ్ళినా తీసుకెళ్ళకపోయినా కాస్త చూసుకోవడం నేర్పించు."

ఈ మాట కోసమే పుట్టినట్టు తండ్రి చేతిలో పని పక్కన పెట్టేశాడు. నీలం కారు బానెట్ ఎత్తాడు. నూనె మట్టం చూసే పుల్ల లాగి చూపించాడు. నీళ్ళెక్కడ పొయ్యాలో, వేడిగా ఉన్నప్పుడు ఏ మూత ముట్టుకోకూడదో చెప్పాడు. పెద్దమ్మాయికి ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. దీపం పట్టుకుని నిలబడి, తిట్లు తింటూ నేర్చుకుంది. "ఎక్కడ చూస్తున్నావు? వెలుతురు నా చేతి మీద పడాలి, నా మొహం మీద కాదు" అని ఆయన ఎన్నిసార్లు అరిచాడో లెక్కలేదు. ఇవాళ మాత్రం గొంతులో పంచదార కలిపినట్టు మాట్లాడుతున్నాడు.

తర్వాత లోపల్నుంచి కొత్త బ్యాటరీ తెచ్చాడు.

"అదెప్పుడు తెప్పించావు?" అంది పెద్దమ్మాయి, బ్రేకు డ్రమ్ము దగ్గర్నుంచి తల తిప్పి.

"ఇవాళ పొద్దున్నే. ఎందుకైనా మంచిదని. పిల్ల తీసుకెళ్ళేట్టయితే పాతది నమ్మలేం."

ఏడాదిగా ఆమె ఆ పాత బ్యాటరీతోనే, చలి పొద్దుల్లో నాలుగేసి సార్లు తాళం తిప్పుకుంటూ బతిమాలి నడుపుతోంది. అప్పుడెవరికీ ఎందుకైనా మంచిదనిపించలేదు. డ్రమ్ము లోపల బూడిద తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

తండ్రి బ్యాటరీ దింపి, తీగల చివరున్న క్లాంపులు తొడిగి, పదో నంబరు పానాతో నట్లు బిగించాడు. ఆయన బిగింపుకి ఒక పద్ధతి ఉంది. చివరి తిప్పు తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టి, పళ్ళు కరిచి, భుజం మొత్తం వేస్తాడు. అది అయ్యాక నట్టు మీదుగా బోల్టు మీదికి సన్నగా పసుపు రంగు గీత గీస్తాడు. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. బళ్ళకే కాదు, ఇంట్లో ఫ్యాను బోల్టుకీ, వంటింటి తలుపు మడతబందుకీ కూడా ఆయన గీతలున్నాయి. ముప్పై ఏళ్ళలో తన గీత ఒక్కటీ దానంతటది తప్పలేదని ఆయన ధీమా. ఆ గీత గీసే కుంచెని ఇంకొకరి చేతికివ్వడు. పెద్దమ్మాయికి కూడా మూడో ఏడు నిండాక ఇచ్చాడు, అది కూడా ముందు ఒక చిన్న స్కూటరుకి.

"ఇదిగో, నువ్వు గియ్యి," అని ఆయన కుంచె చెల్లెలి చేతికిచ్చాడు.

చెల్లెలు నాలుక బయటపెట్టి, వంకరగా, లావుగా, నట్టంతా పసుపయ్యేట్టు ఒక గీత గీసింది.

"అబ్బో, రోడ్డు మీద గీతలు వేసేవాళ్ళు కూడా ఇంత లావు వెయ్యరు," అని తండ్రి పగలబడి నవ్వాడు. తుడిచెయ్యలేదు. తను మొదటిసారి గీసింది రెండుసార్లు తుడిపించి మళ్ళీ గీయించిన మనిషి!

పెద్దమ్మాయి డ్రమ్ము వైపు తిరిగింది. ఆ పూట ఆమె బిగించిన బోల్టులు మామూలు కంటే ఇంకో పావు తిప్పు ఎక్కువే బిగుసుకున్నాయి.

*

శనివారం ఇద్దరూ కాలేజీకి వెళ్ళారు. పెద్దమ్మాయే నడిపింది.

మొదటి సంవత్సరం వాళ్ళ కార్లకి ఇచ్చిన చోటు ఆటస్థలం వెనక, ప్రహరీ పక్కన ఉంది. ఒక్క చెట్టు లేదు. కంకర. అక్కడ్నుంచి హాస్టలుకి నడిస్తే ఇరవై రెండు నిమిషాలు. పెద్దమ్మాయి గడియారం చూసుకుంటూ నడిచింది కాబట్టి కచ్చితంగా తెలుసు. ఇంకేం కావాలి? ఆ ఒక్క కారణంతో ఇంటికెళ్ళి వద్దనెయ్యొచ్చు. కానీ హాస్టలు గుమ్మంలో నిలబడి మూడో అంతస్తు కిటికీలు చూస్తూ చెల్లెలు అంది, "ఎంత దూరమైతే ఏంటక్కా, నడుస్తాను. కారు ఉందంటే చాలు, ఇల్లు దగ్గరే ఉన్నట్టుంటుంది."

హాస్టలు లోపలికి పిల్లల్ని మాత్రమే రానిస్తున్నారు. గది చూసి, కాగితాలు తీసుకుని రావడానికి గంట పడుతుందన్నారు. "నేను కారు దగ్గరుంటా, నువ్వు అక్కడికే రా," అని పెద్దమ్మాయి వెనక్కి వచ్చేసింది.

కంకర మీద ఒక్కతీ నిలబడింది. చుట్టూ ఎవరూ లేరు. పదో నంబరు పానా ఎప్పుడూ ఆమె ప్యాంటు జేబులోనే ఉంటుంది, కొందరికి దువ్వెన ఉన్నట్టు. బానెట్ ఎత్తింది. చెల్లెలు గీసిన వంకర గీత ఎండలో మెరుస్తూ కనిపించింది.

ఇది చెడగొట్టడం కాదు, పరీక్ష అనుకుంది. రేపు నిజంగానే బండి ఆగితే ఈ పిల్ల ఏం చేస్తుందో చూడొద్దూ? ఏడుస్తుంది, అమ్మకి ఫోన్ చేస్తుంది, ఇంతే. అప్పుడు తను వద్దని చెప్పనక్కర్లేదు, కారే చెప్తుంది. ఇలా అనుకుంటూనే పానా తగిలించింది. నట్టు కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసి, కాలు బంపరుకి తన్ని లాగితే కిర్రుమంది. మూడు చుట్లు విప్పి, క్లాంపు పైకి లేపి, తగిలీ తగలనట్టు ఉంచింది. బానెట్ మెల్లగా మూసింది.

చెల్లెలు చెమటలు కక్కుతూ, మొహం నిండా నవ్వుతో వచ్చింది. "నేను నడుపుతానక్కా కాస్త దూరం, గేటుదాకా," అని తాళం తీసుకుంది. సీటు మూడు పళ్ళు ముందుకి లాగింది. తాళం తిప్పింది. టిక్కు మని కూడా అనలేదు. మళ్ళీ తిప్పింది. మూడోసారీ తిప్పింది.

"ఏమైందక్కా?"

"ఏమో. నేను పక్కన లేననుకో. ఏం చేస్తావు?" అంది పెద్దమ్మాయి, చేతులు కట్టుకుని.

చెల్లెలు ఒక క్షణం ఆమె మొహం చూసింది. ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, కారాగింది, కాస్త ఆలస్యమవుతుంది" అంది గానీ ఆ గొంతులో ఏడుపు లేదు. దిగి, దూరంగా పెట్టె ఈడ్చుకుంటూ పోతున్న ఒక ఉంగరాల జుట్టు పిల్లని చప్పట్లు కొట్టి పిలిచింది. ఆ పిల్ల ఇంకో ఇద్దర్ని కేకేసింది. ఆ ఇద్దరికీ వెనక నలుగురు. "తోస్తే అందుకుంటుంది" అన్నారెవరో. ఎండలో, కంకర మీద, ఏడుగురు కలిసి "ఐసా" అంటూ కారుని స్థలమంతా రెండు చుట్లు తోశారు. స్టీరింగు పట్టుకుని చెల్లెలు, కిటికీలోంచి తల బయటపెట్టి వాళ్ళ మీద అజమాయిషీ. అందరూ పడి పడి నవ్వుతున్నారు. "నీది ఏ గది? మూడో అంతస్తా? నాదీ మూడే!" అని ఉంగరాల జుట్టు పిల్ల తోస్తూ తోస్తూనే అరిచింది.

పెద్దమ్మాయి పక్క సీట్లో రాయిలా కూర్చుంది. తను ఆరేళ్ళలో ఆ కారుతో ఒక్క స్నేహితురాలినీ సంపాదించుకోలేదు. ఇది అరగంటలో, కదలని కారుతో ఏడుగుర్ని పోగేసింది.

గోల విని కాపలా ఆయన సైకిలు మీద వచ్చాడు. నెత్తిన టోపీ తీసి, బానెట్ ఎత్తి, వంగి చూసి, రెండు వేళ్ళతో క్లాంపుని పైకి లేపాడు.

"ఇంతోటి దానికి బండినంతా తోశారా తల్లీ! పానా ఉందా ఎవరి దగ్గరైనా?"

ఆయన అడిగీ అడగకముందే పెద్దమ్మాయి దిగి, జేబులోంచి పానా తీసి ఆయన చేతిలో పెట్టేసింది. పానా అని వినిపిస్తే చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళడం ఏళ్ళనాటి అలవాటు. ఇచ్చాక తెలిసొచ్చింది. కాపలా ఆయన తన చేతిలోని పానాని చూశాడు, నట్టుకి సరిగ్గా సరిపోవడం చూశాడు, ఆమె గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు చూశాడు. నట్టు బిగించి, పానా తిరిగిచ్చి, సైకిలెక్కాడు.

చెల్లెలు కూడా చూసింది.

తిరుగుదారిలో పెద్దమ్మాయే నడిపింది. సగం దారి దాటాక చెల్లెలు అక్క వైపు తిరిగింది.

"పానా జేబులో పెట్టుకుని అంతసేపు ఎందుకు కూర్చున్నావక్కా?"

"నువ్వేం చేస్తావో చూద్దామని."

"చూశావుగా," అని చెల్లెలు కిటికీ వైపు తిరిగింది.

*

ఇంటి ముందు తండ్రి గేటు తీసుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ళు దిగకముందే బానెట్ ఎత్తాడు. కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. పసుపు గీత రెండు ముక్కలై ఉంది. నట్టు మీది ముక్క ఒకపక్కకి, బోల్టు మీది ముక్క ఇంకోపక్కకి.

ఆయన చాలాసేపు వంగే ఉన్నాడు. బొటనవేలితో ఆ గీతని తడిమాడు.

"నిన్ననే కదా బిగించాను," అన్నాడు, ఎవరితోనూ కాదు.

పెద్దమ్మాయి తన చెప్పుల వైపు చూసుకుంది. చెల్లెలు అక్క వైపు చూసింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. అది చెప్పేసినా బాగుండేదని పెద్దమ్మాయికి అనిపించింది.

"పోనిద్దురూ, ఒక నట్టు వదులైతే ఏమైంది?" అంది తల్లి.

"ఒక రోజు. ఒక్క రోజు కూడా ఆగలేదు," అన్నాడాయన. కుడిచెయ్యి ముందుకి చాచి చూసుకున్నాడు, దాన్నెవరో మార్చేసినట్టు. "కారు వద్దు. నేను సంతకం పెట్టను. నా చేతి మీద నాకే నమ్మకం లేనప్పుడు పిల్లని దాంట్లో ఎలా పంపిస్తాను?"

అంటే పెద్దమ్మాయి గెలిచింది. నోరు విప్పకుండానే, ఒక్క కారణమూ చెప్పకుండానే గెలిచింది. కారు ఇంట్లోనే ఉంటుంది. ఆ పూట భోజనాలయ్యాక ఎదురుగా తండ్రి గ్లాసు ఎడమచేత్తో ఎత్తుకుని తాగుతున్నాడు, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. తేలు కుట్టిన దొంగలా ఆమె కిక్కురుమనకుండా లేచిపోయింది.

*

ఆదివారం షెడ్డు ఒక పూటే. పొద్దున్నే స్కూలు వ్యానావిడ వచ్చింది. పిల్లల్ని బడికి దింపే వ్యాను నడుపుతుంది, పద్నాలుగేళ్ళుగా వీళ్ళ దగ్గరే చేయించుకుంటుంది. మాట మోటు, మనసు మంచిది.

"వెనక బ్రేకులు కీచుమంటున్నాయి మేస్త్రీ. రేపు పొద్దున్నే ఇరవై ఆరుగురు రాక్షసుల్ని ఎక్కించుకోవాలి. ఇవాళే చూడాలి."

తండ్రి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. "మెయిన్ రోడ్డు మీద కొత్త షెడ్డు ఉంది కదమ్మా. అక్కడ చూపించుకో."

"ఎందుకూ? నీకేమొచ్చింది?"

"బ్రేకులు నేను ముట్టుకోను ఇక. చిన్న చిన్న పనులు చేస్తాను, అంతే."

"తమాషాలాడకు మేస్త్రీ."

"తమాషా కాదమ్మా. మొన్న బిగించిన నట్టు నిన్నటికి ఊడింది. అది బ్యాటరీ కాబట్టి బండి ఆగి ఊరుకుంది. అదే నీ చక్రానిదైతే? లోపల పిల్లలుంటారు."

పెద్దమ్మాయి ఒక కారు కింద పడుకుని నూనె దింపుతోంది. అక్కడ్నుంచి ఆమెకి తండ్రి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ పాదాలు వ్యాను వైపు ఒక అడుగు వేసి, మళ్ళీ వెనక్కి తగ్గాయి. వ్యానావిడ చెప్పులు టకటకా తలుపు వైపు కదిలాయి. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు, ఆవిడ వెళ్ళిపోతుంది. ఆ తర్వాత చెప్పినా, ముప్పై ఏళ్ళ పేరు మెయిన్ రోడ్డుకి వెళ్ళిపోయాక ఎవరు వెనక్కి తెస్తారు?

కింద నుంచి జారి బయటికి వచ్చింది.

"అది ఊడలేదు నాన్నా. నేనే విప్పాను."

"ఏంటి?"

"బ్యాటరీ నట్టు. నేనే విప్పాను. నీ చేతిలో ఏ లోపమూ లేదు."

వ్యానావిడ గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టింది.

"ఎందుకు?" అన్నాడు తండ్రి.

"కుళ్ళు నాన్నా," అంది. అనేశాక మిగతాది ఆగలేదు. "దానికి కారిచ్చేస్తావని. దానికోసం కొత్త బ్యాటరీ తెచ్చావు. మొదటి రోజే కుంచె దాని చేతికిచ్చావు, నాకు మూడేళ్ళు పట్టింది. దాని గీత అంత వంకరగా ఉంటే తుడిపించలేదు కూడా!"

తండ్రి ఆమెని కాదు, తన కుడిచేతిని చూసుకున్నాడు. వేళ్ళు మూశాడు, తెరిచాడు.

"నిజంగా నువ్వే విప్పావా? దానంతటది వదులవలేదూ?"

"నేనే."

"విప్పేటప్పుడు గట్టిగా ఉందా?"

"చాలా. ఒక చేత్తో రాలేదు. కాలు తన్ని లాగాల్సొచ్చింది."

"కాలు తన్నావా!" అన్నాడాయన. ఆ మాటతో ఆయన మొహం విప్పారింది. ఆపుకుందామనుకున్నా ఆగలేదు. తర్వాత, కోప్పడాలని గుర్తొచ్చినట్టు కనుబొమలు ముడిచాడు. "సిగ్గు లేదూ? చెల్లెల్ని తీసుకెళ్ళి, పరాయి ఊళ్ళో, అందరి ముందూ..."

"ఉంది."

"ఏముంది?"

"సిగ్గు."

ఆయన వ్యానావిడ వైపు తిరిగాడు. "బండి లోపలికి పెట్టమ్మా. నువ్వు క్యాలెండరు చూసింది చాలు, అది పోయిన ఏడాదిది." మళ్ళీ పెద్దమ్మాయితో, "నించున్నావేం? జాకీ తీసుకురా" అన్నాడు. వెనక చక్రాల నట్లు ఎనిమిదీ ఆయనే బిగించాడు, ఊపిరి బిగబట్టి, పళ్ళు కరిచి, ఒక్కోదానికీ అక్కర్లేనంత సేపు.

ఇంటికొచ్చాక బల్ల మీది కాగితం తీసి మళ్ళీ పెద్దమ్మాయి ముందు పెట్టాడు. జరిగింది తల్లికీ చెల్లెలికీ తనే చెప్పాడు. తల్లి నోరు నొక్కుకుంది.

"ఊఁ. ఇప్పుడు తేల్చు," అన్నాడు.

ఇరవై రెండు నిమిషాల నడక, చెట్టు లేని కంకర, పదకొండు రోజుల లైసెన్సు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నిన్నెంత నిజమో ఇవాళా అంతే నిజం. కానీ ఏ మొహం పెట్టుకుని చెప్తుంది? ఆమె నోట్లోంచి వస్తే నిజానికి కూడా వాసన పట్టేసినట్టే.

"తీసుకెళ్ళనీ," అంది.

"అక్కర్లేదు," అంది చెల్లెలు. "కారుని పెట్టేది ఒక మూల, నేనుండేది ఇంకో మూల. ఎక్కడానికి అంత దూరం నడిచేబదులు బస్సుకే నడవచ్చు. పైగా నిన్న తోసిన ఏడుగురూ అప్పుడే అడిగారు, సినిమాకి తీసుకెళ్తావా అని. ఇక నేను చదివినట్టే."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకే కావాలని పేచీ పెట్టావు?" అంది తల్లి.

చెల్లెలు బల్ల అంచు గీరుతూ కూర్చుంది. "రోజూ సాయంత్రం వీళ్ళిద్దరూ ఒకే కారులోంచి దిగుతారు. ఒకటే వాసన. ఒకటే మాటలు, ప్లగ్గులూ గాస్కెట్లూ అని. నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు. అక్కకి మొన్నట్నుంచి కుళ్ళు. నాది చిన్నప్పట్నుంచి ఉంది."

తండ్రి కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కిందికి తోశాడు. బల్ల ఊగడం మానేసింది.

*

సోమవారం పెద్దమ్మాయే దింపింది. సామానుతో వచ్చే కార్లని ఆ ఒక్క రోజుకి హాస్టలు గుమ్మందాకా, ఇంటివాళ్ళని గదిదాకా రానిచ్చారు. దారంతా ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకున్నారు, ఏ దుప్పటి దళసరిది, ఏ బకెట్టుకి పిడి వదులు అని. పెద్దమ్మాయికి మనసు తేలికైంది. కారు తనదగ్గరే ఉంది, దొంగతనంగా కాదు. చెల్లెలి మీద ఏ మంటా మిగల్లేదు. అంతా అయిపోయిందనుకుంది.

హాస్టలు ముందు కారాగిందో లేదో, "అదిగో, తోసే కారొచ్చింది!" అని కేక వినిపించింది. ఉంగరాల జుట్టు పిల్ల మెట్ల మీదనుంచి పరిగెత్తుకొచ్చింది, వెనక మిగతా ఆరుగురూ. హ్యాండ్‌బ్రేకు వెయ్యకముందే చెల్లెలు దిగిపోయింది. ఒకరు పెట్టె పట్టుకున్నారు, ఒకరు పుస్తకాలు, ఒకరు బకెట్టు. ఉంగరాల జుట్టు పిల్ల చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి చెవిలో ఏదో అంది. చెల్లెలు తల వెనక్కి వాల్చి నవ్వింది. ఇంట్లో అలా నవ్వేటప్పుడు అది అక్క వైపు చూసేది, అక్క కూడా నవ్వుతోందా లేదా అని. ఇప్పుడు చూడలేదు.

వెనక సీట్లో ఇక పరుపు చుట్టా, దిండూ మాత్రం మిగిలాయి. ఉంగరాల జుట్టు పిల్ల చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వండక్కా, నేను పట్టుకెళ్తా."

"వద్దు. నేను తెస్తాను."

"మూడో అంతస్తండీ. లిఫ్టు లేదు."

"తెలుసు," అంది పెద్దమ్మాయి, పరుపు చుట్టని భుజానికెత్తుకుంటూ.

వాళ్ళు గలగలా ముందు ఎక్కుతున్నారు, ఆమె వెనక. మెట్టు మెట్టుకీ వాళ్ళ నవ్వు పైకి దూరమవుతోంది. నవ్వు దేనికో తనకి తెలీదు. రెండో అంతస్తు మలుపులో ఆగి ఊపిరి పీల్చుకుంటే, పాత మంట మళ్ళీ రగిలింది. ఈసారి అది చెల్లెలి మీద కాదు. ఆ ఉంగరాల జుట్టు మీద, ఆ ఏడుగురి మీద.

గదిలో కిటికీ పక్క మంచం చెల్లెలిది. పెద్దమ్మాయి పరుపు విప్పి, దుప్పటి పరిచి, మూలలు పరుపు కిందికి నొక్కింది. అందరూ గుమ్మంలో గుమిగూడి ఎదురుచూస్తున్నారు, కిందికి భోజనానికి వెళ్ళాలిట. మూడు మూలలయ్యాయి. నాలుగోది నచ్చక లాగి మళ్ళీ సర్దింది.

"చాలక్కా," అంది చెల్లెలు మెల్లగా.

"మీరేం బెంగపెట్టుకోకండక్కా," అంది ఉంగరాల జుట్టు పిల్ల. "మీ చెల్లెల్ని మేం చూసుకుంటాంగా."

"ఎందుకూ? నేను లేనా?" అంది పెద్దమ్మాయి.

అందరూ ఘొల్లుమన్నారు, చెల్లెలు కూడా. పెద్దమ్మాయి మాత్రం నవ్వలేదు. దిండు మీద ముడత చేత్తో సాపుచేసి, గుమ్మం వైపు నడుస్తూ, చెల్లెలితో కాక ఆ పిల్లతోనే అంది.

"శుక్రవారం నాలుగింటికల్లా కింద ఉంటాను. అప్పటికి దీన్ని మీరెవరూ ఎక్కడికీ తీసుకుపోకండి."